ఖాళీ మైనం

తుర్కు ఊరి మధ్య పారే నది పేరు ఔరా.
మనకది ఆశ్చర్యం.
వాళ్ళకు ఉత్త నీళ్ళు,
అవీ చలికాలమంతా గడ్డకట్టినవి.

ఆ ఒడ్డున ఆసుపత్రి నేలమాళిగలో
ఇర్మెలి మైనం కోస్తుంది.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని.
సొరుగు లాగితే అగ్గిపెట్టెలంత దిమ్మలు,
ఒక్కో దిమ్మలో వేరుశనగ గింజంత మనిషి.
పేరుండదు.
వయసు, ఆడా మగా, ఏ ఏడాది, ఒంట్లో ఎక్కడ,
అంతే.

పై అంతస్తులో రౌనో లెక్కలు కడతాడు.
లక్షమందికి ఏటా ఒక మనిషిలో మూడో వంతు, అన్నాడు
కాఫీ దగ్గర.
ఏ మూడో వంతు? అడిగింది ఇర్మెలి.
అతను నవ్వలేదు.
ఆమె కూడా నవ్వులాటకి అడగలేదు.

ఇవాళ్టి దిమ్మ: 1983. ఆడ. డెబ్భై ఎనిమిది. ఎడమ చెంప.
పాత చీటీ మీద డాక్టరు చేతిరాత:
దీవుల నుంచి వచ్చింది. వలలు బాగుచేసే పని.
ఎర్రగా, అంచుల్లో నీలంగా, గట్టిగా.
చీమ కుట్టినంత నొప్పి కూడా లేదంటుంది.
పురుగేదో కరిచి ఉంటుంది.
ఆ తర్వాత తేదీలు
దగ్గరదగ్గరగా, ఇంకా దగ్గరగా,
ఆపైన కాగితం తెలుపు.

అప్పట్లో ఆ గడ్డకి రిజిస్టర్లో గడి లేదు.
ఇతరములు అన్నచోట కూర్చోబెట్టారు ఆమెను,
బంతిలో ఆకు వేయడం మరిచిన చుట్టంలా.

ఇంకో పాతికేళ్ళకు గానీ తెలియలేదు
ఆ గడ్డల్లో చాలావాటి లోపల ఒక వైరస్ ఉందని,
అది ఎక్కణ్ణుంచో ఊడిపడింది కాదని,
పసితనంలోనే, ఎవరి ఒడిలోనో,
మనందరి చర్మం మీదా అద్దెకు దిగిందేనని.
నీ మీదా. నా మీదా.
కాఫీ కప్పు పట్టుకున్న రౌనో వేళ్ళ మీదా.
గోడకు మేకు కొట్టదు. గొంతెత్తదు.
దాదాపు అన్ని ఇళ్ళలోనూ అలాగే ముసలిదైపోతుంది.
ఎక్కడో ఒక ఇంట్లో,
కాపలావాడు కాస్త కునుకు తీసినప్పుడు,
లోపలి గదిలోకి దూరుతుంది.
దూరుతూ దూరుతూ తన కాలు తానే విరగ్గొట్టుకుంటుంది.
ఇక బయటికి రాలేదు, పిల్లల్ని కనలేదు.
వైరస్‌గా దాని కథ అక్కడితో సరి.
ఇల్లు మాత్రం ఆగదు,
గది మీద గది కట్టుకుంటూనే పోతుంది.

దీన్ని నేరమనాలో ప్రమాదమనాలో ఇర్మెలికి తెలీదు.
ఆమెకు తెలిసింది బ్లేడు.
దిమ్మకీ దిమ్మకీ మధ్య బ్లేడు మార్చాలి.
పదింటికోసారి ఎవరూ లేని మైనం కోయాలి.
ఖాళీ మైనం తాను ఖాళీ అని చెప్పాలి.
అప్పుడే మిగతావాళ్ళ మాట చెల్లుతుంది.

గురువారం ఖాళీ మైనం వెలిగింది.

ఏమీ ఉండకూడని చోట
తెరమీద సన్నటి గీత.
వారం పనంతా చెత్తబుట్టలోకి.
ఇర్మెలి మణికట్టు చూసుకుంది:
తొడుగుకీ కోటు చేతికీ నడుమ
రెండు వేళ్ళ మేర చర్మం.
ఆ గీత నాదే, అంది,
ఎవరితోనూ కాదు.

సోమవారం మణికట్టుకు టేపు చుట్టి మళ్ళీ కోసింది.
ఖాళీ మైనం ఖాళీ.
దీవుల ఆమె చెంప కూడా ఖాళీ.
అంటే పోయినవారం
ఆ చెంపలో దొరికిన వైరస్ ఇర్మెలిదే.
మరి ఈమెనెవరు?
ఎండ కావచ్చు, అన్నాడు రౌనో.
మంచు మీద ఎండ రెండుసార్లు తగులుతుంది,
పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి.
ఒకటి అంకెను ఒక గడిలోంచి తీసి
పక్క గడిలో పెట్టాడు.

ఆ దిమ్మలో ఇంకో ఆరు కోతలకి సరిపడా చెంప మిగిలింది.
ఇర్మెలి దాన్ని సొరుగులో, దాని సందులోనే సర్దింది.

బయట మార్చి.
ఔరా మీద మంచు పగుళ్ళిస్తోంది, కళ్ళు చెదిరే తెలుపు.
వంతెన సగం దాటాక గుర్తొచ్చింది
టోపీ లోపలే మరిచిపోయానని.
వెనక్కి వెళ్ళలేదు.